దండం, కిరీటం, గ్రంథం: నెదర్లాండ్స్ చిత్రాల్లోనూ కడప సంఘాల్లోనూ మతాధికార చిహ్నాలు

క్రైస్తవ సంఘంలో అధికారం ఎవరిది, అది ఎక్కడి నుంచి వస్తుంది అనే ప్రశ్న మీద వేదాంతులు శతాబ్దాలపాటు గ్రంథాలు రాయగా, ఆ ప్రశ్నకు కంటికి కనిపించే సమాధానాన్ని పదిహేనవ శతాబ్దపు నెదర్లాండ్స్ చిత్రకారులు తమ చెక్క పలకల మీద ఇచ్చారు. ఈనాటి బెల్జియం, నెదర్లాండ్స్ దేశాలుగా ఉన్న ఆ ప్రాంతం అప్పట్లో చాలావరకు బుర్గుండీ ప్రభువుల ఏలుబడిలో ఉండి, బ్రూజ్, గెంట్, టూర్నే వంటి వర్తక నగరాలతో కళకళలాడుతుండేది. అక్కడి చిత్రకారులు నూనె రంగులతో ముఖంలోని ముడతలను సైతం వదలకుండా చిత్రించినా, ఆ మనిషి పదవిని మాత్రం అతని ముఖానికి అప్పగించలేదు. దానిని చేతిలోని దండానికి, తల మీది కిరీటానికి, భుజాల మీది వస్త్రానికి అప్పగించారు. తరువాతి శతాబ్దంలో వచ్చిన మతసంస్కరణ ఈ వస్తువులను తొలగించి గ్రంథానికి, బోధకుని స్వరానికి పట్టం కట్టింది. ఈ రెండు సంప్రదాయాలూ పద్దెనిమిది, పందొమ్మిది శతాబ్దాల్లో వేర్వేరు దారుల్లో కడప సీమకు చేరాయి గనుక, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతపు సంఘాల చరిత్రను అర్థం చేసుకోవడానికి ఆ చిత్రాలు మంచి ఆధారాలవుతాయి.

నెదర్లాండ్స్ చిత్రకళలో మతపరమైన రూపచిత్రం సాధారణంగా దాత చిత్రంగా ఉండేది. దేవాలయానికి ధనమిచ్చి బలిపీఠం మీద ఉంచవలసిన చిత్రాన్ని గీయించిన వ్యక్తి, ఆ చిత్రంలోనే ఒక పక్క మోకరించి కనిపించడం ఆనాటి ఆచారం. ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ యాన్ వాన్ ఐక్ 1436లో పూర్తి చేసిన కానన్ వాన్ డెర్ పాలె చిత్రం. కానన్ అంటే పెద్ద దేవాలయానికి అనుబంధంగా ఉండి, అక్కడి నిత్య ప్రార్థనలు నిర్వహించే గురువుల బృందంలో సభ్యుడు. యోరిస్ వాన్ డెర్ పాలె బ్రూజ్ నగరంలోని పునీత డొనేషియన్ దేవాలయంలో అటువంటి పదవిలో ఉండేవాడు. అంతకుముందు రోమ్‌లో పోపు కార్యాలయంలో పనిచేసినవాడు. చిత్రంలో అతడు తెల్లని పై అంగీ ధరించి, కానన్ పదవికి గుర్తయిన బూడిదరంగు బొచ్చు వస్త్రాన్ని చేతి మీద వేసుకుని, కళ్లజోడును, ప్రార్థన పుస్తకాన్ని పట్టుకుని మరియమాత ఎదుట మోకరించి ఉంటాడు. వృద్ధాప్యం, అనారోగ్యం అతని ముఖం మీద దాచకుండా కనిపిస్తాయి. అతనికి ఎదురుగా నిలిచిన పునీత డొనేషియన్ మాత్రం నీలం, బంగారు జరీ పనితనంతో మెరిసే వస్త్రాలు, తలపై మైటర్, ఒక చేత సిలువ, మరొక చేత అయిదు దీపాలు వెలిగే చక్రం ధరించి ఉంటాడు. ఒకే చిత్రంలో ముసలి శరీరాన్ని, తరుగులేని పదవిని ఎదురెదురుగా నిలపడంలో చిత్రకారుని ఆలోచన ఉంది: మనిషి క్షీణిస్తాడు, పదవి మాత్రం ఒకరి నుంచి మరొకరికి సంక్రమిస్తూ నిలిచి ఉంటుంది.

ఆ పదవిని సూచించే వస్తువులు ఒక్కొక్కటీ ఒక్కొక్క అధికారాన్ని చెబుతాయి. మైటర్ అంటే ముందూ వెనకా రెండు కొనలు తేలి, వెనక రెండు పట్టీలు వేలాడే బిషప్పు శిరోభూషణం. ఆ రెండు కొనలు పాత నిబంధనకు, కొత్త నిబంధనకు గుర్తులని మధ్యయుగ వ్యాఖ్యాతలు చెప్పేవారు. క్రోజియర్ అంటే పైకొన వంపు తిరిగిన కాపరి దండం; గొర్రెల కాపరి తన చేతి కర్రతో తప్పిన జీవాన్ని మందలోకి లాగినట్లు, బిషప్పు తన సంఘాన్ని కాపాడాలన్నది దాని భావం. ఉంగరం అతనికి సంఘంతో ఉన్న వివాహ బంధాన్ని, రొమ్ము మీది సిలువ అతని విశ్వాస సాక్ష్యాన్ని సూచిస్తాయి. కోప్ అనే నిడుపాటి పై అంగీ ఎదురు రొమ్ము దగ్గర పెద్ద కొక్కెంతో బిగించి ఉంటుంది. దాని అంచుల మీద పునీతుల బొమ్మలను జరీతో కుట్టేవారు. పల్లియం అనేది గొర్రెపిల్లల ఉన్నితో నేసి, నల్ల సిలువలు వేసిన తెల్లని పట్టీ. దానిని పోపు, ఒక ప్రాంతపు బిషప్పుల మీద పెద్దరికం గల ఆర్చిబిషప్పులకు మాత్రమే పంపేవాడు. కాబట్టి చిత్రంలో పల్లియం కనిపిస్తే చూసేవారికి ఆ మనిషి హోదా ఒక్కటే కాక, అది రోమ్ నుంచి వచ్చిందన్న సంగతి కూడా తెలిసేది.

వస్తువులే కాక, పదవికి ప్రత్యేకమైన క్రియ కూడా చిహ్నమయ్యేది. టూర్నే నగరపు బిషప్పు జాన్ షెవ్రో కోసం రోజియర్ వాన్ డెర్ వైడెన్ 1440లలో చిత్రించిన సప్త సంస్కారాల బలిపీఠ చిత్రంలో, బాప్తిస్మం మొదలు అవసాన అభ్యంగం వరకు గల ఏడు సంస్కారాలు ఒకే దేవాలయం లోపల జరుగుతున్నట్లు చూపారు. అందులో భద్రమైన అభ్యంగనం, అంటే బాప్తిస్మం పొందినవారిని విశ్వాసంలో స్థిరపరిచే సంస్కారం, ఇచ్చే బిషప్పు ముఖం షెవ్రోదేనని పండితులు గుర్తించారు. బాప్తిస్మాన్ని సామాన్య గురువు ఇవ్వగలిగినా, పాశ్చాత్య సంఘంలో భద్రమైన అభ్యంగనం సాధారణంగా బిషప్పు చేతి పని. అందుచేత తనను తాను ఆ స్థానంలో చిత్రింపజేసుకోవడం ద్వారా షెవ్రో తన అధికార పరిధిని ప్రకటించుకున్నాడు. ఆ చిత్రం మీద అతని వంశ చిహ్నంతోపాటు అతని పీఠం చిహ్నం కూడా ఉండడం ఇదే ఉద్దేశానికి మరో నిదర్శనం.

చిహ్నం లేనిచోట ఎంత అనిశ్చితి ఏర్పడుతుందో కూడా ఈ చిత్రాలే చూపుతాయి. వియన్నాలో ఉన్న వాన్ ఐక్ రూపచిత్రం ఒకటి కార్డినల్ నికోలో అల్బెర్గాటిదిగా చాలాకాలంగా ప్రసిద్ధమైనా, అందులోని వృద్ధుడు బొచ్చు అంచుల ఎర్రని దుస్తుల్లో, టోపీ లేకుండా ఉండడం వల్ల అతడు కార్డినల్ అవునా కాదా అని కొందరు చరిత్రకారులు సందేహించారు. కార్డినళ్లు అంటే పోపును ఎన్నుకునే అధికారం గల ఉన్నత గురువులు. పదమూడో శతాబ్దంలో నాలుగవ ఇన్నోసెంట్ పోపు వారికి వెడల్పైన ఎర్ర టోపీని అనుగ్రహించిన నాటి నుంచి అదే వారి ప్రధాన చిహ్నమైంది. నాలుగో శతాబ్దంలో జీవించిన పునీత జెరోమ్‌కు కార్డినల్ పదవి ఉండే అవకాశం లేకపోయినా, చిత్రకారులు అతని పక్కన ఎర్ర టోపీని తప్పక ఉంచడానికి కారణం, అతని పాండిత్యానికి సంఘం ఇచ్చే గౌరవాన్ని చూపడానికి అంతకంటె తేలికైన గుర్తు మరొకటి లేకపోవడమే.

ఈ భాషకు పరాకాష్ఠ 1432లో హూబర్ట్, యాన్ వాన్ ఐక్ సోదరుల పేరిట పూర్తయిన గెంట్ బలిపీఠ చిత్రం. దాని పై వరుస నడుమ సింహాసనం మీద కూర్చున్న దివ్య పురుషుడు తండ్రి దేవుడా, క్రీస్తా అన్న చర్చ నేటికీ తెగలేదు గాని, అతని తల మీద ఉన్నది మాత్రం పోపులు ధరించే మూడంతస్తుల కిరీటమే. కింది వరుసలో గొర్రెపిల్లను ఆరాధించే గుంపులో పోపులూ బిషప్పులూ తమ తమ కిరీటాలతో నేల మీద నిలిచీ మోకరించీ కనిపిస్తారు. వారిలో గెంట్ నగర పోషకుడైన పునీత లివినస్, తన నాలుకను పెరికిన పటకారును పట్టుకుని ఉంటాడు. పోపు కిరీటం పరలోక సింహాసనం మీద కనిపించడం పోపు పదవికి మహా గౌరవమే. అయితే భూమ్మీద దానిని ధరించేవారిది అరువు సొత్తేనని చెప్పడానికి కూడా ఆ చిత్రమే చాలు.

అరువుగా వచ్చిన అధికారాన్ని సొంత ఆస్తిగా వాడుకుంటున్నారన్న ఆరోపణే పదహారో శతాబ్దంలో ఆ ప్రాంతాన్ని కుదిపివేసింది. స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్ ప్రోద్బలంతో 1559లో పోపు అక్కడ కొత్త పీఠాలను నెలకొల్పి, మెహెలెన్, కాంబ్రే, ఉట్రెక్ట్ నగరాలకు ఆర్చిబిషప్పులను నియమించాలని నిర్ణయించాడు. పాత మఠాల ఆదాయాన్ని కొత్త బిషప్పులకు మళ్లించడం మఠాధిపతులకు, రాజు చేతిలో నియామకాలు ఉండడం ప్రభువులకు కంటగింపైంది. మెహెలెన్ ఆర్చిబిషప్పుగా, కార్డినల్‌గా ఎదిగిన ఆంట్వాన్ గ్రాన్వెల్ ఆ ద్వేషానికంతటికీ గురై 1564లో దేశం విడిచాడు. 1566 ఆగస్టులో మతసంస్కర్త కాల్విన్ అనుయాయులు దేవాలయాల్లో చొరబడి విగ్రహాలను, బలిపీఠాలను, చిత్రాలను ధ్వంసం చేశారు. గెంట్ బలిపీఠ చిత్రాన్ని దేవాలయ గోపురంలోకి ఎక్కించి దాచడం వల్ల మాత్రమే అది మిగిలింది. ఆ అల్లరిలో పగిలిన వాటిలో బిషప్పుల దండాలు, మైటర్లు చెక్కిన రాతి బొమ్మలు అనేకం ఉండడం యాదృచ్ఛికం కాదు. పగలగొట్టినవారు ఆ వస్తువుల అర్థాన్ని బాగా ఎరిగినవారే.

ఉత్తర నెదర్లాండ్స్‌లో సంస్కరణ స్థిరపడిన తరువాత మతాధికారాన్ని చూపే పద్ధతే మారింది. పీటర్ సాన్‌రెడాం చిత్రించిన దేవాలయాల్లో గోడలు సున్నంతో తెల్లగా ఉంటాయి. చూపును ఆకర్షించే వస్తువు ప్రసంగ వేదిక. రెంబ్రాంట్ 1633లో చిత్రించిన బోధకుడు యోహానెస్ ఉటెన్‌బోగార్ట్ నల్లని దుస్తులు, తెల్లని మెడపట్టీ ధరించి, పక్కన తెరచిన గ్రంథంతో నిలుస్తాడు. 1641లో రెంబ్రాంట్ చిత్రించిన కోర్నెలిస్ అన్‌స్లో బట్టల వర్తకుడు, మెనొనైట్ సంఘపు బోధకుడు. ఆ సంఘంలో అభిషేకం పొందిన గురువర్గమే లేదు. బల్ల మీద గ్రంథాలు తెరిచి ఉండగా, అతడు భార్య వైపు తిరిగి చేయి చాపి మాట్లాడుతుంటాడు. అన్‌స్లో రూపచిత్రాన్ని ఉద్దేశించి, మనిషిని కాక అతని స్వరాన్ని చిత్రించవలసిందని కవి వోండెల్ కోరడం ఈ మార్పు సారాన్ని పట్టి ఇస్తుంది. తల మీది కిరీటం పోయి, చాచిన చేయి, తెరచిన గ్రంథం, వినవలసిన స్వరం అధికారానికి గుర్తులయ్యాయి.

కడప సీమలో క్రైస్తవాధికారం మొదట కనిపించిన రూపం ఈ రెండింటికీ భిన్నమైనది. 1700 తరువాత పుదుచ్చేరి నుంచి తెలుగు సీమలోకి వచ్చిన ఫ్రెంచి జెసూయిట్ గురువులు, తమ కర్ణాటక మిషన్‌లో సన్యాసుల వేషం ధరించి, కాషాయ వస్త్రాలతో, శాకాహారంతో తిరిగారు. పుష్పగిరి పీఠం, అహోబిల మఠం వంటి సంస్థలు ఉన్న ప్రాంతంలో, యతి చేతి దండమూ, పాదుకలూ గురుత్వానికి గుర్తులని గ్రామాల్లో అందరికీ తెలుసు. రోమ్ నుంచి వచ్చే అధికారాన్ని ఆ పరిచిత చిహ్నాల్లోకి మార్చుకోవడమే వారి ఉపాయం. అనంతపురం, కడప ప్రాంతాల రెడ్ల కుటుంబాలు కొన్ని ఆ కాలంలోనే కతోలికులయ్యాయి. అయితే స్థానిక ఆచారాలను ఎంతవరకు అనుమతించాలన్న వివాదం రోమ్ దాకా వెళ్లి, 1744లో పద్నాలుగవ బెనెడిక్ట్ పోపు కఠినమైన ఆజ్ఞతో ముగిసింది; 1773లో జెసూయిట్ సభనే పోపు రద్దు చేయడంతో ఆ ప్రయోగం ఆగిపోయింది.

మైటరూ దండమూ లేని సంఘం కడపకు 1822లో లండన్ మిషనరీ సొసైటీ ద్వారా వచ్చింది. 1795లో ఏర్పడిన ఆ సొసైటీ, మరుసటి ఏడు చేసుకున్న మూల నియమం ప్రకారం, బిషప్పుల పాలన గాని, పెద్దల సభ పాలన గాని, స్వతంత్ర సంఘ పాలన గాని ఏ ఒక్క పద్ధతినీ తన మిషనరీల ద్వారా ఎవరి మీదా రుద్దకూడదు. ఏ పద్ధతి కావాలో కొత్త సంఘమే నిర్ణయించుకోవాలి. ఆచరణలో ఆ సొసైటీని పోషించినవారు చాలావరకు కాంగ్రెగేషనల్ సంఘాలవారు, అంటే ప్రతి స్థానిక సంఘమూ స్వతంత్రమని నమ్మేవారు గనుక, ఇక్కడి సంఘాల్లో రెంబ్రాంట్ బోధకుల చిత్రాల్లోని సరళతే కనిపించింది. 1890లలో డాక్టర్ థామస్ విన్సెంట్ క్యాంప్‌బెల్ జమ్మలమడుగులో వైద్యశాలను నెలకొల్పిన తరువాత ఆ ఊరు మిషన్‌కు ముఖ్య కేంద్రమైంది. కడప, జమ్మలమడుగు కేంద్రాల నుంచి ప్రొద్దుటూరు, పులివెందుల వైపు పల్లెలకు బోధకులు, పంతుళ్లు వెళ్లేవారు. దొరగారి నల్లకోటు, పంతులుగారి చేతి తెలుగు బైబిలు, బడి, వైద్యశాల: మిషన్ అధికారం ఈ రూపాల్లోనే జనానికి తెలిసింది. సంఘంలో చేరినవారిలో అత్యధికులు మాలపల్లెల కుటుంబాలు. చదువు అందకుండా చేసిన సమాజంలో గ్రంథాన్ని చేత పట్టి చదవడమే వారికి అన్నిటికంటె పెద్ద అధికార చిహ్నమైంది.

ఆ మిషన్ పొలిమేరలోనే వేరొక పద్ధతి నడిచేది. ప్రొద్దుటూరుకు ఉత్తరాన, నంద్యాల వైపు ఉన్న ముత్యాలపాడు కేంద్రంగా పందొమ్మిదో శతాబ్ది మధ్యకాలం నుంచి ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ మిషన్ పనిచేసింది. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు చేతులుంచి అభిషేకించినప్పుడే గురుత్వం చెల్లుతుంది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో వేదనాయగం శామ్యూల్ అజరయ్య దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పయ్యాడు. నంద్యాల ప్రాంతం తరువాత అతని పీఠం కిందికి వచ్చింది. ఇరుగుపొరుగు పల్లెల్లో ఒక ఊరివారికి బిషప్పు లేకపోవడం స్వేచ్ఛగానూ, మరొక ఊరివారికి బిషప్పు ఉండడం ప్రామాణ్యంగానూ తోచడం ఈ సీమ సంఘ చరిత్రలోని విశేషం.

ఈ రెండు పద్ధతులూ 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జ్ కతీడ్రల్‌లో ఎదురుపడ్డాయి. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అప్పటికే కాంగ్రెగేషనల్, ప్రెస్బిటేరియన్ సంఘాల కలయికతో 1908లో ఏర్పడిన దక్షిణ ఇండియా ఐక్య సంఘమూ కలిసి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాగా అవతరించాయి. కొత్త సంఘం పరంపరాగత బిషప్పు పదవిని స్వీకరించింది, కాని దానిని నియమావళికి, ఎన్నికైన సభలకు లోబరచింది. లండన్ మిషన్ సంప్రదాయంలో పెరిగిన హోస్పేట సుమిత్ర కడప అధ్యక్షఖండానికి, అంటే ఆ సంఘంలో ఒక బిషప్పు పాలనలోని ప్రాంతానికి, బిషప్పయ్యాడు. 1950లో కడప, అనంతపురం-కర్నూలు అధ్యక్షఖండాలు కలిసి రాయలసీమ అధ్యక్షఖండమైనప్పుడు దానికీ ఆయనే బిషప్పు, తరువాత యావత్ సంఘానికీ మోడరేటర్, అంటే బిషప్పులందరిలో అధ్యక్షుడు. నూట ఇరవై అయిదేళ్లు బిషప్పు లేకుండా నడిచిన సంఘాలు తమలోని ఒకరి చేతికి కాపరి దండాన్ని అప్పగించాయి. నంద్యాల ఆంగ్లికన్లలో అనేకులు మాత్రం, బిషప్పు అభిషేకం పొందని పాస్టర్లను సమానులుగా అంగీకరించలేక, ఐక్యత నుంచి వైదొలగి పాత సంఘంలోనే ఉండిపోయి, కొన్ని దశాబ్దాల తరువాత గాని చేరలేదు. చిహ్నం అలంకారమే అయితే ఇంత పట్టుదల అవసరం లేదు. దండం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందన్నదే అక్కడి అసలు వివాదం.

కతోలిక పక్షాన అధికార పరంపర పీఠాల విభజన ద్వారా కడపకు దగ్గరైంది. హెర్బర్ట్ వాన్ 1866లో లండన్ సమీపంలో స్థాపించిన మిల్‌హిల్ సభ, 1875 నుంచి తెలుగు ప్రాంతంలో పనిచేసింది. 1890లో ఆ సభ నెదర్లాండ్స్‌లోని రోజెండాల్‌లో గురువిద్యాలయాన్ని తెరిచిన తరువాత డచ్చి యువకులు అనేకులు అందులో చేరారు. ఈ విధంగా వాన్ ఐక్ చిత్రాల దేశపు పొరుగు ప్రాంతాల నుంచి వచ్చిన గురువులే, తెలుగు కతోలికులకు మైటరునూ కాపరి దండాన్నీ పరిచయం చేసినవారిలో ముఖ్యులయ్యారు. 1928లో మద్రాసు నుంచి నెల్లూరు మేత్రాసనం ఏర్పడింది. మేత్రాసనం అంటే బిషప్పు పాలనలోని ప్రాంతం. దాని నుంచి 1967లో కర్నూలు, 1976 అక్టోబరులో కడప మేత్రాసనాలు వేరుపడ్డాయి. 1559లో నెదర్లాండ్స్‌లో కొత్త పీఠాలు తిరుగుబాటుకు దారితీయగా, ఇక్కడ కొత్త మేత్రాసనాలు తెలుగు గురువుల చేతికి దండం చేరే మార్గమయ్యాయి. అక్కడ రాజు కోరికగా వచ్చిన విభజన, ఇక్కడ స్థానిక సంఘం ఎదుగుదలకు గుర్తింపుగా రావడమే ఆ తేడాకు కారణం.

ఈలోగా రోమ్‌లోనే చిహ్నాలు పలచబడ్డాయి. ఆరవ పాల్ పోపు 1964లో తన మూడంతస్తుల కిరీటాన్ని బలిపీఠం మీద విడిచిపెట్టాడు. 1969లో కార్డినళ్ల వెడల్పు ఎర్ర టోపీ ప్రదానం రద్దయింది, నాలుగు పలకల చిన్న ఎర్ర టోపీ మాత్రం నిలిచింది. పాత టోపీ ఇప్పుడు అధికార ముద్రల మీద, కుచ్చుల సంఖ్యతో హోదా చెబుతూ బొమ్మగా బతుకుతున్నది. ఆ చిన్న ఎర్ర టోపీని 2022 ఆగస్టు 27న ఫ్రాన్సిస్ పోపు చేతుల మీదుగా అందుకున్నవారిలో పూల అంథోని ఉన్నారు. 1992లో కడప మేత్రాసనానికి గురువుగా అభిషిక్తులై, 2008లో కర్నూలు బిషప్పుగా, 2020లో హైదరాబాదు ఆర్చిబిషప్పుగా నియమితులైన ఆయన, కార్డినల్ అయిన తొలి తెలుగువారు, తొలి దళితులు కూడా.

బలిపీఠ చిత్రం గీయించే స్తోమత ప్రభువులకు, ధనికులైన కానన్లకు, వర్తకులకు మాత్రమే ఉన్న సమాజంలో నెదర్లాండ్స్ చిత్రకారులు పని చేశారు. దండం పట్టేవాడు ఏ కులం నుంచి, ఏ వర్గం నుంచి రావాలన్న ప్రశ్న వారి చిత్రాల్లో తలెత్తదు. కడప సీమ సంఘ చరిత్ర లేవనెత్తిన ప్రశ్న అదే. ఒకప్పుడు ఊళ్లో పెద్ద కులాలవారి ఎదుట చెప్పులు తొడగడానికీ, గొడుగు పట్టడానికీ అనుమతి లేని పల్లెలవారి వారసులు, మొదట గ్రంథాన్నీ, తరువాత దండాన్నీ, చివరకు ఎర్ర టోపీనీ అందుకోవడంలో ఆ వస్తువుల పాత అర్థం చెదిరిపోలేదు. దానికి కొత్త సాక్ష్యం చేరింది. అధికారం మనిషి పుట్టుకలో ఉండదు, అప్పగించబడుతుంది అని వాన్ ఐక్ పలకలు చెప్పిన సిద్ధాంతాన్ని, ఐరోపాలో పుట్టుకను బట్టి పదవులు పంచుకున్న కాలం కంటె, పుట్టుకను బట్టి మనిషిని కొలిచిన ఈ సీమలోని సంఘాలే ఎక్కువగా పరీక్షకు పెట్టాయి. ఆ పరీక్ష ఇంకా ముగియలేదన్నది సంఘాల్లో నేటికీ కొనసాగుతున్న కుల చర్చల వల్ల స్పష్టమే అయినా, చిహ్నాల చరిత్రను రాసేవారు ఇకపై బ్రూజ్, గెంట్‌ల పక్కన జమ్మలమడుగునూ కడపనూ చేర్చుకోక తప్పదు.